ట్రక్ నిద్రపోతే కంగారెందుకు? పికప్‌లలో 'డీప్ స్లీప్' అసలు కథ

ఫోన్ తీసి ట్రక్ యాప్ ఓపెన్ చేస్తారు. రిమోట్ స్టార్ట్ పనిచేయదు. లాక్ పనిచేయదు. బండి ఎక్కడుందో చూపించే మ్యాప్ కూడా రాదు. పైన ఒక మెసేజ్ మాత్రం ఉంటుంది: వెహికల్ డీప్ స్లీప్‌లో ఉంది, బ్యాటరీ ఆదా కోసం రిమోట్ ఫీచర్లు ఆపేశాం, మళ్లీ కావాలంటే బండి స్టార్ట్ చేయండి అని.

నేను టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. ఇక్కడ మనవాళ్ల ఇళ్ల ముందు ఒకప్పుడు క్యామ్రీలు, అకార్డ్‌లే కనిపించేవి. ఇప్పుడు పికప్ ట్రక్కులు కూడా బాగానే కనిపిస్తున్నాయి. నేను ఫోన్లు, గాడ్జెట్లు రివ్యూ చేస్తానని చుట్టుపక్కల వాళ్లందరికీ తెలుసు. అయినా జూన్‌లో, డిసెంబర్‌లో, అంటే ఇండియా ట్రిప్పుల సీజన్‌లో, నన్ను ఎక్కువమంది అడిగేది ఫోన్ల గురించి కాదు. "అన్నా, ట్రక్ నిద్రపోయిందంటోంది, ఇప్పుడేం చేయాలి?" అనే.

ట్రక్ నిద్రపోవడం రోగం కాదు. నిద్రపోవాల్సిన టైమ్‌కి నిద్రపోకపోవడమే రోగం. ఈ తేడా తెలియక చాలామంది స్లీప్ మోడ్‌ని ఎలా ఆపాలా అని వెతుకుతుంటారు. అసలు దొంగని వదిలేసి, అలారం మోగిందని అలారాన్ని పీకేసినట్టుంటుంది అది.

మీ ఫోన్‌లో ఉన్న డోజ్ మోడే ఇది

2015లో ఆండ్రాయిడ్ 6.0 మార్ష్‌మాలోతో గూగుల్ 'డోజ్' అనే ఫీచర్ తెచ్చింది. ఛార్జర్ తీసేసి, స్క్రీన్ ఆపి, ఫోన్‌ని ముట్టుకోకుండా పక్కన పెడితే, కాసేపటికి బ్యాక్‌గ్రౌండ్ యాప్‌లకి నెట్ ఆగిపోతుంది. మధ్యమధ్యలో కొద్దిసేపు తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. ఏదైనా యాప్ 'వేక్‌లాక్' పట్టుకుని కూర్చుంటే మాత్రం ఫోన్ నిద్రపోదు. రాత్రి 80 శాతం ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి 30కి రావడం వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి యాపే.

ఇప్పటి పికప్‌లోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. కాకపోతే అక్కడ యాప్‌ల బదులు కంప్యూటర్లు ఉంటాయి. ఇంజిన్‌కి ఒకటి, తలుపులకి ఒకటి, సీట్లకి ఒకటి, స్క్రీన్‌కి ఒకటి, 4జీ మోడెమ్‌కి ఒకటి, ఇలా డజన్ల కొద్దీ. ఇవన్నీ క్యాన్ బస్ అనే వైరింగ్ మీద మాట్లాడుకుంటాయి. మీరు దిగి లాక్ చేశాక వెంటనే అన్నీ పడుకోవు. పని మిగిలి ఉన్న కంప్యూటర్ "నేనింకా మేలుకునే ఉన్నా" అని నెట్‌వర్క్‌లో మెసేజ్ పంపుతూ ఉంటుంది. ఆ మెసేజ్‌లు పూర్తిగా ఆగిపోయాకే మిగతావి పడుకుంటాయి. పెళ్లింట్లో హాల్లో అందరూ చాపలేసుకుని పడుకున్నప్పుడు ఒక్కరు లైటు వేసుకుని కూర్చుంటే ఎవరికీ నిద్ర పట్టదు కదా, అలాగన్నమాట.

ఇక్కడ మూడు విషయాల్ని కలిపేసి కన్ఫ్యూజ్ అవుతుంటారు. మొదటిది మామూలు నిద్ర. రోజూ లాక్ చేశాక జరిగేది ఇదే, మీకు తెలియను కూడా తెలియదు. రెండోది, ఇంజిన్ ఆపేసి లోపల కూర్చుని పాటలు వింటుంటే స్క్రీన్ ఆరిపోవడం. ఫోర్డ్ ట్రక్కుల్లో అయితే 'సిస్టమ్ ఆఫ్ టు సేవ్ బ్యాటరీ' అని చూపిస్తుంది. మూడోది డీప్ స్లీప్. సుమారు రెండు వారాలు బండి తీయకపోయినా, లేదా అంతకుముందే బ్యాటరీ ఛార్జ్ ఒక స్థాయి కంటే తగ్గినా, ట్రక్ తన మోడెమ్‌ని ఆపేస్తుంది. యాప్‌కి, బండికి మధ్య లింక్ తెగిపోయేది అక్కడే. చేతిలో ఉన్న కీ ఫాబ్‌తో లాక్, అన్‌లాక్ మామూలుగానే పనిచేస్తాయి, ఎందుకంటే దానికి సెల్ టవర్‌తో పనిలేదు.

రెండు వారాలు పార్కింగ్‌లో ఉంచాక ఈ మెసేజ్ వచ్చిందా? అంతా సవ్యంగానే ఉంది, హాయిగా టిఫిన్ చేయండి. రోజూ నడిపే బండికి వచ్చిందా? అప్పుడు మాత్రం పట్టించుకోవాలి.

అంత పెద్ద బండికి ఇంత చిన్న బ్యాటరీ

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చి లక్షల ఇళ్లకి కరెంట్ పోయింది. అప్పుడు ఫోర్డ్ తన టెక్సస్ డీలర్లని అడిగి, జనరేటర్ ఫీచర్ ఉన్న ఎఫ్-150లని అవసరమైనవాళ్లకి వాడుకోవడానికి ఇప్పించింది. ఎఫ్-150 పవర్‌బూస్ట్ హైబ్రిడ్‌లో ఆ ఫీచర్ 7.2 కిలోవాట్ల దాకా ఇస్తుంది. ఫ్రిజ్, హీటర్, లైట్లు, అన్నీ నడుస్తాయి.

అలాంటి బండి కూడా నిద్ర లేవాలంటే 12 వోల్టుల బ్యాటరీయే దిక్కు. పూర్తి ఎలక్ట్రిక్ అయిన ఎఫ్-150 లైట్నింగ్‌లో కూడా అంతే. కింద ఎంత పెద్ద బ్యాటరీ ప్యాక్ ఉన్నా, దాన్ని బండికి కలిపే స్విచ్‌లు పడాలంటే ముందు 12 వోల్టులు ఉండాలి. అది డెడ్ అయితే డోర్ హ్యాండిల్ బటన్ నుంచి గేర్ దాకా ఏదీ స్పందించదు.

ఇప్పుడు కొంచెం లెక్క. కాలిక్యులేటర్ అక్కర్లేదు. మీ ట్రక్ బ్యాటరీ 70 ఆంపియర్ అవర్స్ అనుకుందాం. అన్నీ పడుకున్నాక కూడా అలారం, కీ ఫాబ్ రిసీవర్ లాంటివి కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉంటే నార్మల్ అంటారు మెకానిక్‌లు. రోజుకి 1.2 ఆంపియర్ అవర్స్. నెల రోజులకి 36. అంటే ఏ తప్పూ లేని ట్రక్ కూడా మీరు హైదరాబాద్ వెళ్లొచ్చేలోపు సగం బ్యాటరీ తినేయొచ్చు. పైగా ఇప్పటి స్మార్ట్ ఛార్జింగ్ సిస్టమ్‌లు చాలావరకు బ్యాటరీని నూటికి నూరు శాతం నింపవు. బ్రేక్ వేసినప్పుడు వచ్చే ఎనర్జీని పట్టుకోవడానికి కొంత ఖాళీ ఉంచుకుంటాయి. మీరు బండి పార్క్ చేసేటప్పటికే 80 శాతం ఉంటే, నెల తర్వాత మిగిలేది 28 శాతం దగ్గర. ఆ ఛార్జ్‌తో, జనవరి చలిలో, పెద్ద వీ8 ఇంజిన్ తిరగాలి. తిరిగితే అదృష్టమే.

అందుకే డీప్ స్లీప్ అంటే స్విచాఫ్ అనుకోవద్దు. అది మోడెమ్ తాగేది ఆపి మీకు కొన్ని రోజులు ఎక్స్‌ట్రా ఇస్తుంది, అంతే. మిగతా చుక్కలు కారుతూనే ఉంటాయి. యాప్ మాట్లాడటం మానేసింది కాబట్టి ఎంత కారిందో మీకు ఇక్కడి నుంచి తెలియదు కూడా.

ఎవరు లేపుతున్నారు?

మొన్న సమ్మర్‌లో మా పాత అపార్ట్‌మెంట్‌లో ఉండే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, వారానికి నాలుగు రోజులు బండి తీస్తున్నా. అయినా డీప్ స్లీప్ అంటోంది. బ్యాటరీ చెక్ చేయిస్తే బాగుందన్నారు. ఏదో సాఫ్ట్‌వేర్ బగ్ అంటావా?"

బగ్ అనే ముందు కొలుద్దాం రారా అన్నాను. దీనికి డీసీ మిల్లీ ఆంప్స్ చదవగలిగే క్లాంప్ మీటర్ కావాలి. బ్యాటరీ వైరు పీకక్కర్లేదు, నెగటివ్ కేబుల్ చుట్టూ తగిలిస్తే చాలు. హుడ్, అంటే మన బానెట్, తెరిచే ఉంచాలి కాబట్టి దాని లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసేసి, బండికి హుడ్ వేసే ఉందన్న భ్రమ కల్పించాలి. తర్వాత దాన్ని మళ్లీ రిలీజ్ చేశాకే హుడ్ మూయాలి. తలుపులు లాక్ చేసి, కీ ఫాబ్ దూరంగా పెట్టేసి, కనీసం ముప్పావు గంట ఆగాలి. మేం టీ తాగి వచ్చాం.

గంట తర్వాత కూడా మీటర్‌లో 400 మిల్లీ ఆంప్స్ ఉంది. 50 ఎక్కడ, 400 ఎక్కడ! స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌లో చూస్తే ఒక డాంగిల్ మెరుస్తోంది. డ్రైవింగ్ బాగుంటే ప్రీమియం తగ్గిస్తామని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చినది. అది పీకాం. ఇరవై నిమిషాల్లో మీటర్ 22కి దిగింది. ఆ డాంగిల్ తాను తాగేది చాలా తక్కువే. కానీ పోర్ట్‌లోంచి నెట్‌వర్క్‌ని అడుగుతూ కూర్చుని మిగతా కంప్యూటర్లని పడుకోనివ్వలేదు. మన పెళ్లింటి లైటు అదే.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. దొంగ ఎవరో కనుక్కోవడానికి చాలామంది ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతారు. పీకి పెట్టిన ప్రతిసారీ పడుకున్న కంప్యూటర్లు లేచి కూర్చుంటాయి, లెక్కంతా తారుమారు అవుతుంది. ఫ్యూజ్ పైన ఉండే రెండు చిన్న లోహపు చుక్కల మధ్య మల్టీమీటర్‌తో మిల్లీ వోల్టులు చూడండి. సున్నా కాకుండా ఏదైనా కనిపిస్తే ఆ లైన్లో కరెంట్ పారుతోందన్నమాట.

డాంగిల్ తర్వాత నాకు ఎక్కువ దొరికిన దొంగ డ్యాష్‌క్యామ్. పార్కింగ్ మోడ్‌లో 300 మిల్లీ ఆంప్స్ తాగే కెమెరా అనుకోండి, రోజుకి 7.2 ఆంపియర్ అవర్స్. పైన నెల రోజులకి వేసిన 36 ఇక్కడ ఐదు రోజుల్లోనే అయిపోతుంది. హార్డ్‌వైర్ కిట్‌లో కటాఫ్ వోల్టేజ్ సెట్టింగ్ ఉంటుంది కదా, దాన్ని 12.0లో వదిలేయొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఫుల్‌గా ఉన్నప్పుడు దాదాపు 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది, 12.2కి సగం, 12.0కి వచ్చేసరికి పావు వంతే మిగులుతుంది. 12.4 పెట్టండి. కెమెరా తొందరగా ఆగిపోతుంది, ఆగనివ్వండి. బండి స్టార్ట్ అవ్వకపోతే ఆ వీడియో ఏం చేసుకుంటాం?

కీ ఫాబ్ సంగతి చాలామందికి తట్టదు. గ్యారేజ్ గోడకి, బండికి నాలుగడుగుల దూరంలో కీ తగిలిస్తారు. దగ్గరికి రాగానే లైట్లు వెలిగించి స్వాగతం చెప్పే ట్రక్కులు, కీ దగ్గరే ఉందనుకుని మాటిమాటికీ లేస్తుంటాయి. ఇంటి లోపల, దూరంగా పెట్టండి. ఇక యాప్. బండి పడుకుందా లేదా అని గంటకోసారి యాప్ తెరిచి రిఫ్రెష్ చేయడం కూడా దాన్ని లేపడమే. నిద్రపోతున్న పిల్లాడిని తట్టి "పడుకున్నావా నాన్నా?" అని అడిగినట్టు.

ఛార్జర్ క్లిప్ ఎక్కడ పెట్టారు?

తమ్ముడి కథ అక్కడితో అయిపోలేదు. డాంగిల్ తీశాక కూడా రెండుసార్లు డీప్ స్లీప్ వచ్చింది. వాడి ఆఫీసు ఇంటికి రెండు మైళ్లు. స్టార్ట్ చేయడానికి వాడిన ఛార్జ్ తిరిగి చేరకముందే ఇంజిన్ ఆపేస్తున్నాడు, దారిలో ఏసీ, సీట్ కూలింగ్, పెద్ద స్క్రీన్ అన్నీ ఆన్. వారానికోసారైనా హైవే మీద అరగంట, ముప్పావు గంట నడపమన్నాను. డ్రైవ్‌వేలో ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఆపేయడం వల్ల లాభం లేదు, పెట్రోల్ దండగ.

దాంతోపాటు వాడు రాత్రిపూట ఛార్జర్ పెడుతున్నాడు. పెట్టే చోటు మాత్రం తప్పు. రెండు క్లిప్పులూ నేరుగా బ్యాటరీ పోల్స్‌కే తగిలిస్తున్నాడు. పాత కార్లకి అది ఓకే. ఇప్పటి ట్రక్కుల్లో చాలావాటికి నెగటివ్ పోల్ దగ్గర చిన్న సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని లెక్క రాసే గుమస్తా అది. ఛార్జర్ నెగటివ్ క్లిప్‌ని పోల్‌కే పెడితే కరెంట్ సెన్సర్‌ని దాటకుండానే బ్యాటరీలోకి పోతుంది. బ్యాటరీ నిండింది, గుమస్తా పుస్తకంలో మాత్రం ఖాళీగానే ఉంది! కంప్యూటర్ పుస్తకాన్నే నమ్ముతుంది, మళ్లీ డీప్ స్లీప్ అంటుంది. నెగటివ్ క్లిప్‌ని బాడీ మీద ఉన్న గ్రౌండ్ పాయింట్‌కి పెట్టాలి. డ్యాష్‌క్యామ్, లైట్ బార్, యాంప్లిఫయర్ లాంటివి ఫిట్ చేయించేటప్పుడు కూడా గ్రౌండ్ వైరు నెగటివ్ పోల్‌కి బిగించొద్దని ఫోర్డ్ మాన్యువల్లోనే రాసి ఉంది. ఎవరు చదువుతారు మాన్యువల్!

అదే మాన్యువల్లో ఇంకో మాట ఉంది. బ్యాటరీ మార్చాక, కొన్నిసార్లు బయటి ఛార్జర్‌తో ఛార్జ్ చేశాక కూడా, ఆ సిస్టమ్ బ్యాటరీ స్థితిని మళ్లీ నేర్చుకోవడానికి ఎనిమిది గంటల నిద్ర కావాలి. ఇగ్నిషన్ ఆఫ్, బండి లాక్. మధ్యలో తలుపు తీసి కళ్లజోడు వెతికితే నిద్ర చెడిపోయినట్టే. ఛార్జ్ పెట్టిన మర్నాడు ఉదయానికల్లా మెసేజ్ పోలేదని తిట్టుకునేవాళ్లు ముందు ఈ ఎనిమిది గంటలు ఇచ్చి చూడాలి.

ఇక యూట్యూబ్‌లో తిరిగే రీసెట్ ట్రిక్కులు. హెడ్‌లైట్ ఇన్నిసార్లు కొట్టండి, హజార్డ్ అన్నిసార్లు నొక్కండి, లేదా ఫోర్‌స్కాన్‌తో రీసెట్ చేయండి, అంతే ప్రాబ్లం సాల్వ్ అంటారు. ఆ రీసెట్ కంప్యూటర్‌కి చెప్పేది ఒక్కటే: కొత్త బ్యాటరీ వేశాం అని. నిజంగా కొత్తది వేస్తే తప్పకుండా చేయండి. నాలుగేళ్ల పాత బ్యాటరీకి చేస్తే మాత్రం ముసలాయనకి పాతికేళ్ల ఆధార్ కార్డు చేయించినట్టే. మెసేజ్ కొన్నాళ్లు రాదు. ఆ తర్వాత ఒకరోజు బండి స్టార్ట్ అవ్వదు. టెక్సస్ ఎండకి బ్యాటరీలు మామూలుగానే తొందరగా ముసలివవుతాయి. వేడి లోపల ప్లేట్లని తింటుంది, చలి వచ్చేసరికి ఆ బలహీనత బయటపడుతుంది.

ఓటీఏ అప్‌డేట్లకీ దీనికీ లింకుంది. అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఇంజిన్ ఆపి ఉంటుంది, కంప్యూటర్లు మేలుకుని ఉంటాయి. బ్యాటరీ తక్కువుంటే ట్రక్ అప్‌డేట్‌ని వాయిదా వేస్తుంది. అప్‌డేట్ రావట్లేదని వైఫైని తిట్టేముందు వోల్టేజ్ చూడండి.

ఎలక్ట్రిక్ ట్రక్కులు కొన్నవాళ్లకి సమస్య కొంచెం వేరు. టెస్లా సైబర్‌ట్రక్‌లో సెంట్రీ మోడ్, రివియన్ ఆర్1టీలో గేర్ గార్డ్ కెమెరాలు ఆన్‌లో ఉంటే పెద్ద బ్యాటరీయే మెల్లగా దిగుతుంటుంది. ఇంటి గ్యారేజ్‌లో ఉన్నప్పుడు వాటిని ఆఫ్ చేసేయండి, అక్కడికి దొంగ రావాలంటే ముందు మీ రింగ్ కెమెరాని దాటాలి. ఇండియాలో మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ నడిపేవాళ్లకి, యాప్ ఉన్న ఏ కారు నడిపేవాళ్లకైనా, డ్యాష్‌క్యామ్ లెక్క, ఫాబ్ లెక్క అచ్చంగా ఇవే.

ఇండియా ట్రిప్‌కి ముందు

గ్యారేజ్‌లో ప్లగ్ పాయింట్ ఉంటే బ్యాటరీ మెయింటైనర్ కొని పెట్టేయండి. మామూలు ఛార్జర్ కాదు, నిండాక తనే తగ్గించుకునేది. మీ బ్యాటరీ ఏజీఎం రకం అయితే ఏజీఎం మోడ్ ఉన్నదే తీసుకోండి. నెగటివ్ క్లిప్ ఎక్కడ పెట్టాలో ఇప్పుడు మీకు తెలుసు. ఇది చేస్తే మిగతా తలనొప్పులు దాదాపు ఉండవు. నేను ఈ విషయంలో వేరే సలహా ఇవ్వను కూడా.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఆ వీలు లేదు. ఓపెన్ పార్కింగ్ అయితే డ్యాష్‌బోర్డ్ మీద పెట్టే చిన్న సోలార్ మెయింటైనర్ పనికొస్తుంది. కానీ అద్దం వెనక, అదీ నీడలో పెడితే డబ్బాపై రాసినంత రాదు. సూర్యుడు ఏ వైపు నుంచి వస్తాడో చూసుకుని పార్క్ చేయాలి. డాంగిల్, డ్యాష్‌క్యామ్, సాకెట్లో మర్చిపోయిన ఫోన్ ఛార్జర్, అన్నీ పీకేయండి. ఇన్సూరెన్స్ డాంగిల్ అయితే ముందు వాళ్లకి ఒక మాట చెప్పి తీయండి. నెల దాటి వెళ్తున్నారా? నెగటివ్ కేబుల్ విప్పేయడం కూడా మంచి దారే. తిరిగొచ్చాక గడియారం, కిటికీల ఆటో ఫంక్షన్ లాంటివి మళ్లీ సెట్ చేసుకోవాలి, పైగా ఆ ఎనిమిది గంటల నిద్ర కూడా ఇవ్వాలి. అలారం ఉండదు కాబట్టి రోడ్డు పక్కన వదిలే బండికి మాత్రం ఇది వద్దు.

ఫాబ్‌లో దాగి ఉన్న లోహపు కీని ఒకసారి బయటికి తీసి, డ్రైవర్ డోర్‌కి పెట్టి తిప్పి చూడండి. కీ రంధ్రం ఎక్కడుందో చాలామందికి తెలియదు, కొన్ని ట్రక్కుల్లో క్యాప్ వెనక ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా పోయాక, అర్ధరాత్రి, రెండు పెద్ద సూట్‌కేసులు, నిద్రలో ఉన్న పిల్లలతో నిలబడి వెతికే పని కాదది. జంప్ స్టార్టర్ ప్యాక్ కొన్నారా, దాన్ని ఎండలో లాక్ చేసిన ట్రక్‌లో నెలరోజులు వదిలేయకండి, లిథియం బ్యాటరీకి ఆ వేడి మంచిది కాదు. దగ్గర్లో ఉన్న ఫ్రెండ్ ఇంట్లో ఉంచండి. ఆ ఫ్రెండ్‌కే కీ ఇచ్చి వారానికోసారి హైవే ఎక్కించమంటే ఇంకా మేలు.

డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో వదిలి వెళ్తుంటే, టెర్మినల్ పేరు, ఫ్లోర్, వరుస నంబర్ కనిపించేలా ఫోటో తీసి ఇంట్లో ఒకరికి వాట్సాప్ చేయండి. మీరు దిగేసరికి ట్రక్ డీప్ స్లీప్‌లో ఉంటుంది, 'ఫైండ్ మై వెహికల్' మ్యాప్ రాదు.